బస్సు తెచ్చిన ఇద్దరం

నేను మండలాధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో మణుగూరు అవతల అడవిలో ఉన్న ఒక కోయ ఊరికి బస్సు వేయించాను. ఈ మాట నా ప్రత్యర్థి ఒప్పుకోడు. నాకంటే ముందు అదే కుర్చీలో కూర్చున్న ఆయన, ఆ బస్సు తానే వేయించానని ఇప్పటికీ చెబుతాడు. డిపో చుట్టూ ఇద్దరమూ తిరిగిన మాట నిజం. ఒకరు వెళ్లారని తెలిస్తే రెండోవాళ్లం ఆ మర్నాడే వెళ్లేవాళ్లం. మా పోరు పడలేకే బస్సు వేశారని నా అనుమానం.

మొదటి బస్సు వచ్చే రోజు, జీపు చెడిపోవడంతో, పొద్దున్నే మా కార్యకర్త మోటారు సైకిలు వెనక కూర్చుని ఆ ఊరు చేరాను. పందిరి వేయించాను. మైకు పెట్టించాను. ఊరి పెద్దను అక్కడ పటేల్ అంటారు. ఆయన నా పక్కన కూర్చున్నాడు. ఊరంతా పందిరి కిందే ఉంది. అంతమంది నా ప్రసంగం కోసం వచ్చారనుకుని లోలోపల పొంగిపోయాను.

బస్సు వచ్చింది. మామిడాకులు కట్టిన బస్సు తలుపులో కడ్డీ పట్టుకుని, చెయ్యి ఊపుతూ నా ప్రత్యర్థి నిలబడి ఉన్నాడు. డిపోలోనే ఎక్కేశాడట. నేను బస్సుకు ఎదురుచూస్తుంటే ఆయన బస్సుతోపాటే వచ్చాడు. ఈ ఎత్తు నాకెందుకు తట్టలేదా అని ఒళ్లు మండిపోయింది.

దిగీ దిగగానే మైకు వైపు వచ్చాడు. నేను మైకు గట్టిగా పట్టుకున్నాను.

"అధ్యక్షా, రెండు మాటలు చెప్పి దిగిపోత."

"నా తర్వాత చెప్పన్నా."

"బస్సు నాతోని వచ్చింది గదా, ముందుగాల నేనే చెప్పాలె."

మేమిలా గుంజులాడుతుంటే కండక్టరు మెట్టు మీద నిలబడి కేకేశాడు. "ఈయాల సంత! మొదటి ట్రిప్పుకు టికెట్ లేదు, జల్దీ ఎక్కుండ్రి!"

పందిరి కింది ఊరు ఒక్కసారిగా లేచింది. గంపలు, గొడుగులు, చంకలో పిల్లలు, ఒకరి చేతిలో కోడిపుంజు. అంతా ముందే సిద్ధం చేసుకుని వచ్చారని అప్పుడర్థమైంది. పటేల్ కూడా లేచి, "మీరు మాట్లాడుతుండుండ్రి సారూ, గిట్ల పోయి గట్ల వస్త," అని ఎక్కాడు. మైకు సెట్టు తెచ్చినాయన ఎక్కాడు. ప్రత్యర్థి వెంట వచ్చినవాళ్లు అసలు బస్సు దిగనే లేదు. చివరికి మా కార్యకర్త కూడా, "కొత్త బస్సు గదన్నా, ఒక్కపారి చూసొస్త," అంటూ ఎక్కేశాడు. మోటారు సైకిలు తాళం వాడి జేబులోనే ఉంది.

దుమ్ము తగ్గాక చూస్తే ఖాళీ పందిరి కింద ఇద్దరు నాయకులం, ఒక మైకు మిగిలాం. ఇప్పుడు ముందు ఎవరు మాట్లాడినా ఇద్దరికీ అభ్యంతరం లేదు.

పందిరి వెనక గుడిసె ముందు ఒక ముసలామె ఇప్పపువ్వు ఎండబోస్తోంది. మమ్మల్ని తేరిపార చూసింది.

"మీరెందుకు పోలే?"

"మేమే బస్సు తెచ్చినం అవ్వా," అన్నాను.

"తెస్తే తెచ్చిండ్రు గానీ, ఎక్కొద్దన్నరా ఏంది?"

ఆమె మాకు జొన్న జావ పోసింది, నంజుకోవడానికి పచ్చిమిరపకాయ ఇచ్చింది. తాగడం అవగానే చెరొక కర్ర చేతికిచ్చి, "నేను జర నడుం వాలుస్త. పువ్వు మేకలు తినకుంట చూడుండ్రి," అని లోపలికి పోయింది. కాదనడానికి మాకు ఏ కారణమూ దొరకలేదు.

తెల్ల ఖద్దరు బట్టల్లో మేమిద్దరం ఇప్పపువ్వుకు కాపలా కూర్చున్నాం. తూర్పు వైపు నాది, పడమటి వైపు ఆయనది. పదవులు పంచుకోవడానికి నెలలు పట్టే మాకు ఈ పంపకానికి నిమిషం పట్టలేదు. కానీ మనిషి బుద్ధి ఎక్కడికి పోతుంది? మొదటి మేక నా వైపు రాగానే దాన్ని అడవి వైపు తోలకుండా ఆయన వైపు తోలాను. ఆయన దాన్ని తిరిగి నా వైపే తోలాడు. మేక మా మధ్య తిరుగుతూ, తిరిగినప్పుడల్లా ఒక నోటి నిండా పువ్వు తినిపోయింది. ఎవరి హయాంలో ఎక్కువ తిన్నదో చెప్పడం కష్టం. మూడు మేకలు ఒకేసారి వస్తేగానీ మేం కలిసి కర్రలెత్తలేదు.

అలా కలిసి తోలాక ఎందుకో మాటలు కలిశాయి.

"ఓడిపోయినంక నాకు తెలిసిందేందంటే," అన్నాడాయన, "నాకు పెట్టిన దండాలల్ల సగం నా జీపుకే పెట్టిండ్రు. జీపు పోయింది, దండం పోయింది."

"మిగతా సగం?"

"నా వెనక ఎవరన్నా పెద్దోళ్లున్నరేమో అని."

పడీ పడీ నవ్వాం. ఊరు మమ్మల్ని వదిలి పోయిందన్న కోపం అప్పటికి నాలో చల్లారింది. వాళ్లకు కృతజ్ఞత లేక కాదు, పని ఉండి పోయారు. పని లేనిది మాకే. సభకు వచ్చిన జనాన్ని చూసి మురిసిపోయే ప్రతిసారీ, వాళ్లు అసలు ఏ బస్సు కోసం కూర్చున్నారో కనుక్కోవాలని ఆ తర్వాత నాకు అలవాటైంది.

బస్సు తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆ రోజుల్లో నక్సలైట్ల భయంతో మాలాంటివాళ్లు చీకటి పడ్డాక ఆ అడవిలో ఉండేవాళ్లు కారు. పటేల్ సంత సంచీ దించి, "ఇగ చెప్పుండ్రి సారూ, తీరిగ్గ ఇంటం," అంటూ కూర్చున్నాడు. ఊరంతా మళ్లీ పందిరి కింద చేరింది. గంటసేపు మాట్లాడందే మైకు వదలని నేను, "బస్సొచ్చింది, సంతోషం," అన్నాను. "నాదీ అదే మాట," అన్నాడు ప్రత్యర్థి. ఇద్దరం పరుగున బస్సెక్కాం. జీవితంలో నాకు అంత గట్టిగా చప్పట్లు పడ్డ ప్రసంగం మరొకటి లేదు.

మండల కేంద్రంలో ఇద్దరం నవ్వుకుంటూ ఒకే బస్సు దిగాం. హోటలు ముందు కూర్చున్నవాళ్లు టీ గ్లాసులు కింద పెట్టేసి మరీ చూశారు. నేను ఇల్లు చేరేలోపే నేను పార్టీ మారుతున్నానన్న వార్త జిల్లా దాకా చేరింది. మర్నాడు మా జిల్లా నాయకుడు ఫోన్ చేశాడు.

"ఆయనతోని ఏం మాట్లాడినవ్?"

"మేకలు తోలినమన్నా."

"ఎవరి మేకలు?"

"ముసలమ్మవి. ఇప్పపువ్వు తినకుంట..."

"కథలు మంచిగ అల్లుతున్నవ్," అని పెట్టేశాడు. ప్రత్యర్థికి ఆయన పార్టీలో ఇంతకంటే కష్టమైంది. ఆయనా మేకల సంగతే చెప్పాడట. ఇద్దరం ఒకే మాట చెప్పడంతో, ముందే అనుకుని చెబుతున్నామని రెండు పార్టీలూ తేల్చేశాయి. అబద్ధం చెప్పి నమ్మించడం మాకు కొత్త కాదుగానీ, నిజం చెప్పి నమ్మించే విద్య మా ఇద్దరికీ రాలేదు.

కొన్నాళ్లు ఒకరినొకరు తప్పించుకు తిరిగాం. అయినా అనుమానం పోలేదు. చివరికి ఒకరోజు ఆయనే హోటల్లోంచి కేకేశాడు. "అధ్యక్షా, ఎట్లాగూ కలిసిపోయినమనే అంటున్నరు. టీ ఎందుకు ఇడిసిపెట్టుడు? రా."

వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.