సలోమి అక్క పెట్టిన చేతుల ఫోటో

నిన్న పొద్దున స్కూల్లో అసెంబ్లీ జరుగుతుంటే ఫోన్ వచ్చింది. సలోమి అక్క పోయిందని వాళ్ళ తమ్ముడు చెప్పాడు.

ఏ సలోమి అని అడిగాను. నాకు తెలిసిన సలోమి ఒక్కతే. అయినా అడిగాను.

గుండెనొప్పి అట. గుంటూరు తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. అక్క మా స్కూల్లో తెలుగు టీచర్. నేను మ్యాథ్స్. స్టాఫ్ రూమ్‌లో నా పక్క కుర్చీ తనది. గోంగూర తెస్తే సగం నా బాక్స్‌లోకే వచ్చేది.

మిరప కోతలప్పుడు మా పిల్లలు చాలామంది ఆదివారం వాళ్ళ అమ్మల వెంట చేలకి పోతారు. సోమవారం క్లాసులో చేతులు ఒకటే మంట. పెన్ను పట్టుకోలేరు. మర్చిపోయి కళ్ళు నలుపుకుంటే ఇక ఏడుపే.

అక్క బ్యాగ్‌లో ఎప్పుడూ కొబ్బరినూనె సీసా ఉండేది. ఫస్ట్ పీరియడ్ అంతా ఆ చేతులకి నూనె రాయడమే.

"ఇది క్లాసా, బ్యూటీ పార్లరా అక్కా" అని ఏడిపించేదాన్ని.

"నీ లెక్కలు చేయాల్సింది కూడా ఈ చేతులేనే, నోర్మూసుకో" అనేది.

ఒక సోమవారం ఆ చేతుల్ని ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టింది. మొహాలు లేవు. స్కూల్ పేరు లేదు. బెంచీ మీద వరసగా ఎర్రగా కందిపోయిన చిన్న చేతులు. కింద ఒకటే లైన్.

"మావాళ్ళకి ఇవాళ డిక్టేషన్ లేదు."

అంతే. ఎవర్నీ ఒక్క మాట అనలేదు.

కానీ అది అడ్మిషన్ల టైమ్. ఊరంతా మా స్కూల్ ఫ్లెక్సీలే. ఫోటోలో యూనిఫాం అంచు కనిపించిందని ఎవరో కరస్పాండెంట్ గారికి చెప్పారు. ఆయన అక్కని ఆఫీస్ రూమ్‌కి పిలిచారు. నచ్చచెప్పమని నన్ను కూడా పిలిచారు.

"కూలీల పిల్లల స్కూల్ అనుకుంటారమ్మా. అది డిలీట్ చేసి, వాళ్ళు మన పిల్లలు కాదని ఇంకో పోస్ట్ పెట్టండి. అయిపోద్ది."

అక్క నింపాదిగానే చెప్పింది. "డిలీట్ చేస్తానండి. మన పిల్లలు కాదని మాత్రం రాయలేను. రేపు మళ్ళీ ఆ చేతులే పట్టుకోవాలి కదండీ."

ఆ రేపు తనకి లేకుండా చేశారు. సాయంత్రానికే ఉద్యోగం పోయింది. ఇంక ఆ పోస్ట్ డిలీట్ చేయనే లేదు.

తర్వాత పొన్నూరులో ఒక స్కూల్లో డెమో క్లాస్ చెప్పింది. పిల్లలు క్లాస్ అయ్యాక కూడా లేవలేదట. మర్నాడు ఫోన్ చేసి "మీ ఫేస్‌బుక్ చూశామండి, సారీ" అన్నారు. ఇంకోచోట ఆ మాత్రం కూడా చెప్పలేదు.

చివరికి మిరపకాయలకి తొడిమలు తీసే పనికి పోయింది. నాకు ఏడుపొచ్చింది. బీఎడ్ చేసి ఈ పనేంటక్కా అంటే నవ్వింది.

"ఇక్కడ ఫేస్‌బుక్ అడగరే" అంది.

పోయిన వారం కలిసినప్పుడు తన చేతులే ఎర్రగా ఉన్నాయి. కొబ్బరినూనె సీసా మాత్రం అదే బ్యాగ్‌లో ఉంది. సాయంత్రాలు మా స్కూల్ పిల్లలు నూనె రాయించుకోడానికి ఇంకా తన ఇంటికే వస్తున్నారని చెప్పింది.

నిన్న మధ్యాహ్నం మా స్టాఫ్ గ్రూప్‌లో ఒక పోస్టర్ వచ్చింది. అక్క ఫోటో, చుట్టూ పూలు, పైన స్కూల్ లోగో. "మా అభిమాన ఉపాధ్యాయిని. తీరని లోటు." అందరూ స్టేటస్ పెట్టుకోవాలని కింద మెసేజ్.

చదివాక నాకు ఒళ్ళు మండిపోయింది. బతికుండగా వద్దన్న మనిషి పోగానే మీ అభిమాన టీచర్ ఎలా అయిందండీ?

ఆ పోస్టర్ నేను పెట్టలేదు. పెట్టను.

అక్క టైమ్‌లైన్‌లో ఆ చేతుల ఫోటో ఇంకా ఉంది. అదే ఇక్కడ షేర్ చేస్తున్నా. ఆ చేతులు మా పిల్లలవే. మా స్కూల్ పిల్లలవే.

రేపు నన్ను కూడా ఆఫీస్ రూమ్‌కి పిలుస్తారు. తెలుసు. భయంగానే ఉంది. వెళ్ళి నీ మాటే చెప్తాను అక్కా.

ఇంక వెళ్ళిరా. ఆ ప్రభువు నీ చేతుల మంట చల్లార్చి, నీకు నెమ్మది ఇవ్వాలి.