ఏమీ చేయని నెల

నా చిన్నప్పుడు, నరసాపురం దగ్గర కాలువ ఒడ్డున ఉన్న మా ఊళ్ళో, ఎండలు ముదిరాక కాలువ కట్టేసేవారు. పూడిక తీసి, గట్లు బాగుచేసి, మళ్ళీ నీళ్ళు వదలడానికి నెల పైనే పట్టేది. కాలువ కట్టేసిన రోజునే మా అమ్మమ్మ లేసు అల్లే సూదిని డబ్బాలో పెట్టి మూత బిగించేసేది. నీళ్ళు వచ్చేదాకా దారం ముట్టేది కాదు.

మా వీధిలో ఆడవాళ్ళందరూ లేసు అల్లేవారు. కానీ కొత్త పువ్వు పుట్టేది మాత్రం అమ్మమ్మ చేతిలోనే. కాగితం మీద గీత కూడా గీసుకోకుండా ఆవిడ ఒక మచ్చు అల్లి ఇస్తే, ఏజెంటు దాన్ని నరసాపురం షావుకారుకు చూపించి, నచ్చాక వీధి మొత్తానికీ అదే పని పంచేవాడు. మచ్చు మా ఇంటి నుంచే వెళుతుందని నాకు ఎంత పొగరో చెప్పలేను. అందుకే ఆ నెల వచ్చిందంటే సిగ్గుగా ఉండేది. పక్కింటి అక్క తల ఎత్తకుండా అల్లుకుంటుంటే, మా అమ్మమ్మ ముంజలు తింటూ పిల్లలతో అష్టాచెమ్మా ఆడేది. ఆటలో తొండి కూడా చేసేది.

నాకు పదేళ్ళప్పుడు, ఓ మధ్యాహ్నం ఏజెంటు సైకిలు దిగి, వారంలో కొత్త మచ్చు కావాలన్నాడు. అమ్మమ్మ లోపల పడుకుని ఉంది. ఏమీ చేయడం లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. జ్వరమండి అనేశాను. పాపం, మంచివాడే.

"అయ్యో, అలాగా! నెమ్మదిగానే ఇవ్వమను. నెల రోజులు నేను సర్దుకుంటాను" అన్నాడు.

గండం గడిచిందనుకున్నాను. అంతలో అమ్మమ్మ జుట్టు ముడి వేసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"నాకే జ్వరమూ లేదండి. ఏమీ చెయ్యట్లేదు, అంతే. నీళ్ళు వదిలాక రండి."

"ఖాళీగానే ఉన్నారు కదండి, ఒక్క మచ్చు అల్లితే ఏం పోయిందండి?"

"నిరుడు ఈ నెలలోనే మీరిలాగే బతిమాలితే, ఆ ఒక్కసారికీ పద్ధతి తప్పి అల్లానండి. తీరా చూస్తే మూడేళ్ళ కిందటి పువ్వే. అల్లిన నాకే తెలీలేదు. అది విప్పేసేటప్పుడు నాకెంత ఏడుపొచ్చిందో మీకేం తెలుసండి?"

అతనికి కోపం వచ్చింది. అయితే మొగల్తూరులో అల్లించుకుంటానన్నాడు. అలాగే చేయండి, మంచినీళ్ళు తాగి వెళ్ళండి అంది ఈవిడ. అతను తాగకుండానే వెళ్ళిపోయాడు.

నేను ఏడ్చి గోల చేశాను. జ్వరమని ఊరుకుంటే మచ్చు మనకే ఉండేది కదా అని ఆవిడ మీద విరుచుకుపడ్డాను. అమ్మమ్మ నన్ను కొట్టలేదు, ఓదార్చనూ లేదు.

"ఉండేదే. అప్పుడు ఏటేటా నేను జ్వరం తెచ్చుకోవాలి. ఊరికే కూర్చోడానికి జబ్బుమనిషినని చెప్పుకోవాలంటే నావల్ల కాదే" అంది.

ఆ ఏడు వీధంతా మొగల్తూరు పువ్వే అల్లింది. నీళ్ళు వచ్చాక అమ్మమ్మా అదే అల్లింది, పైగా బావుందని మెచ్చుకుంటూ. నాకు ఒళ్ళు మండిపోయింది. మరుసటి ఏడు కూడా ఏజెంటు మచ్చు అడగలేదు. ఆ నెలా ఆవిడ సూది ముట్టలేదు. ఆ పై ఏడు అడిగాడు, కాలువ పారాకే వచ్చి. అతను ఎప్పటికీ రాకపోయినా ఆవిడ అలాగే ఉండేదని నాకు గట్టి నమ్మకం.

ఇప్పుడు మచ్చులు అల్లేది నేను. ఏడాదికో నెల ఆపేస్తాను. ఫోన్ చేసి ఏం చేస్తున్నారండీ అని అడిగేవాళ్ళకు మోకాళ్ళ నొప్పులని చెప్పొచ్చు, నిజంగా ఉన్నాయి కూడా. చెప్పను. ఏమీ చేయడం లేదండి అంటాను, గొంతు తగ్గించకుండా.