నల్లబట్టల నుమిసియా

కాపువా ఊరి ఆడవాళ్ళు సెరెస్ దేవత పండుగకు తెల్లగా మెరిసిపోతూ వెళ్ళేవారంటే ఆ గొప్పంతా నుమిసియాది. ఊరి బట్టలు ఉతికే కొట్టు ఆమెది. మూత్రం పోసిన తొట్టిలో బట్టలు వేసి కాళ్ళతో తొక్కి, గంధకం పొగ పట్టించి తెలుపు తెప్పించేది. మనిషి కంటే ముందు కంపు వస్తుందని అందరూ ఆటపట్టించేవారు. "తెలుపు కావాలి, కంపు వద్దా? భలే దొరసానులే!" అని ఆమె పకపకా నవ్వేది.

ఆ శీతాకాలం ఆ నవ్వు ఆగిపోయింది. పెళ్ళీడుకొచ్చిన ఒక్కగానొక్క కూతురు టెర్టుల్లా జ్వరంతో పోయింది. ఎంత ఎదిగినా ఆ పిల్లకు చీకటంటే హడలు. దీపం ఆరితే చాలు, అమ్మ చెయ్యి వెతుక్కునేది. చచ్చినవాళ్ళంతా చేరే ఆ పాతాళంలో ఇప్పుడు ఎవరి చెయ్యి పట్టుకుంటుంది? నుమిసియాను తినేస్తున్న బెంగ అదొక్కటే.

దారి ఒకటే కనిపించింది. ధాన్యపు తల్లి సెరెస్ కూతురు ప్రొసెర్పినాను పాతాళపు రాజు ఎత్తుకుపోయాడు. ఆ పిల్ల ఇప్పుడక్కడ రాణి. సెరెస్ ఒక్క మాట చెబితే ఆ రాణి టెర్టుల్లాను పక్కన కూర్చోబెట్టుకోదూ? పండుగనాడు గుడిలో మొరపెట్టుకుంటే సరి. కానీ ఇంట్లో చావు జరిగి నల్లబట్టలు కట్టిన ఆడది ఆ గడప తొక్కకూడదు. కూతురి కోసం ఏడ్చిన దేవత గుడిలోకి, కూతురి కోసం ఏడుస్తున్న తల్లి రాకూడదట! ఇదెక్కడి న్యాయమో, పెట్టినవాళ్ళకే తెలియాలి.

పండుగనాడు నుమిసియా నల్లబట్టలు విప్పి, తెల్లబట్ట కట్టుకుని వెళ్ళింది. గుమ్మంలో పూజారిణి థియానో ఆపింది.

"దుఃఖం తీరిందని ఒక్క మాట అను తల్లీ, లోపలికి పో."

నుమిసియా గడప మీదికి ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది.

"అనవే! నోటిమాటేగా."

"నోటిమాటే అమ్మగారూ. కింద అది వింటే? అమ్మ నన్ను అప్పుడే మరిచిపోయిందనుకోదూ?"

థియానో కళ్ళు దించుకుంది. "అయితే రానివ్వలేను. నన్ను తిట్టుకోకు."

"మిమ్మల్నెందుకు తిడతాను? మీ పైబట్ట అంచున మరక ఉంది, రేపు పంపండి" అని నుమిసియా వెనుదిరిగింది.

ఇంటికి పోయి మళ్ళీ నల్లబట్టలు కట్టుకుంది. ఇంట్లో ఉండలేక గుడివీధి మలుపులో వచ్చి కూలబడింది.

పొద్దువాలాక ఆడవాళ్ళు దివిటీలు పట్టుకుని బయటికొచ్చారు. నాడు దేవత కూతుర్ని వెతికినట్టే ఏటేటా వీళ్ళూ పిలుస్తూ తిరుగుతారు. "ప్రొసెర్పినా! ప్రొసెర్పినా!"

ఆ పిలుపు విని నుమిసియా ఇక ఆపుకోలేకపోయింది. లేచి నిలబడి, గొంతు చించుకుని అరిచింది.

"టెర్టుల్లా!"

అందరూ ఆగిపోయారు. "అయ్యో, పూజ చెడగొట్టింది! పంపించెయ్యండి దీన్ని!" అంది ఒకావిడ.

"నోరుమూసుకోవే!" థియానో ముందుకొచ్చింది. "ఆ తల్లి వెతికింది నల్లబట్టల్లోనే. గడప గుడికుంది, వీధికి లేదు." తన దివిటీ నుమిసియా చేతిలో పెట్టి, నేలకేసి గట్టిగా కేకేసింది. "ప్రొసెర్పినా! మా టెర్టుల్లాకు చీకటంటే భయమమ్మా. కాస్త చెయ్యి పట్టుకో!"

ఒక్కొక్కరే గొంతు కలిపారు. పంపించెయ్యమన్నావిడ కూడా. నుమిసియా దివిటీ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ తర్వాత ఏటా ఆ మలుపులో రెండు పేర్లు పిలిచేవారు. నుమిసియా ముసలిదై కన్నుమూసిన ఏడు మాత్రం కేక మారింది.

"టెర్టుల్లా! ఇక భయం లేదే, అమ్మ వస్తోంది!"