ఎనిమిది నెలలు ముడిచి ఉంచిన తిత్తి

కంబదూరులో పెళ్ళిళ్ళకు ఒక కెమెరా, చావులకు ఒక కెమెరా ఉంచుకొన్న ఫోటోగ్రాఫరు కుళ్ళాయప్ప. పెళ్ళి కెమెరా చిన్నది. అది శవాన్ని చూచిందని తెలిస్తే మరే పెళ్ళివారూ అతన్ని గడప తొక్కనీయరు. రెండవది గురువు ఇచ్చిపోయిన పాత చెక్క కెమెరా. దాని ముందరి అద్దానికీ వెనుకటి ఫిలింకూ నడుమ, కొలిమి తిత్తిలాగా సాగి ముడుచుకొనే నల్లని తోలుతిత్తి ఉండేది. తాబేలు అవయవాలను లోనికి తీసుకొన్నట్లు మడతలన్నీ ముడుచుకొని, రేకుపెట్టెలో వేపాకు నడుమ, తరువాతి మరణం దాకా అది నిద్రించేది.

అట్లని ఊరక వదలరాదు. ఆ మెట్టనేల ఎండగాలికి తోలు బిరుసెక్కి మడతల మూలల వద్ద పగులుతుంది. సూదిమొన అంత చిల్లు పడినా చాలు, వెలుతురు లోనికి దూరి చిత్రాన్ని మింగివేస్తుంది. అందుకని ప్రతి శనివారం కుళ్ళాయప్ప దానిని అరుగుపై నీడలో నిండా సాగదీసి, మెత్తని గుడ్డతో తుడిచి, సాయంత్రం దాకా గాలికి ఉంచేవాడు.

1999 వేసవిలో వరుసగా మూడు శనివారాలు, తిత్తిని ఇంకా ముడవకముందే చావు కబురు వచ్చింది. మూడవసారి మడతలు విచ్చుకొంటూ చేసిన సన్నని చప్పుడు అతనికే నిట్టూర్పులా వినిపించింది. నాలుగవ శనివారం పెట్టె మూత తీస్తుంటే ఎదురింటి తిమ్మమ్మ వచ్చి నిలబడింది. ఆమె భర్త వీరప్ప క్షయతో మంచం పట్టి ఉన్నాడు.

"ఏమప్పా, మల్లా దాన్ని బయటికి తీస్తాండావా? ఈసారి ఎవురి వంతు?"

"గాలి తగలకపోతే తోలు చెడిపోతాది, తిమ్మక్కా."

"తోలు చెడిపోతే ఇంగోటి కుట్టించుకో. మా ఆయప్ప పోతే నేను యాడ కుట్టించుకునేది?"

కుళ్ళాయప్ప నవ్వబోయి మానుకొన్నాడు. వీరప్ప లేచి తిరిగేదాకా తిత్తి తెరవనని మాట ఇచ్చాడు. అవివేకమని తెలుసు. అయినా మూత వేసినప్పుడు చేతులకు కలిగిన నెమ్మది అబద్ధం కాదు.

ఎనిమిది నెలలు పెట్టె మూసే ఉంది. ఊరిలో చావులు ఆగలేదు. ఆ కెమెరాకు జడిసిన జనం కళ్యాణదుర్గం నుంచి వేరొకరిని పిలిపించుకొన్నారు. శనివారం వస్తే మాత్రం మూసిన పెట్టెలోనుంచి ఆ నిట్టూర్పు అతనికి వినబడుతూనే ఉండేది.

మాఘమాసంలో వీరప్ప పోయాడు. ఫోటో దిగితే ఆయువు తరుగుతుందని నమ్మి బతుకంతా ఏ కెమెరా ముందూ కూర్చోని మనిషి.

"మాట నిలబెట్టుకున్నావు. ఆయప్ప మొగం నువ్వే పట్టియ్యాల" అంది తిమ్మమ్మ.

పందిట్లో వీరప్పను కుర్చీలో కూర్చోబెట్టి పూలదండ వేశారు. కుళ్ళాయప్ప తిత్తి లాగాడు. అంటుకుపోయిన మడతలు చిటచిటమని విడిపోయి, మూలల్లో సన్నని పగుళ్ళు తేలాయి. పెళ్ళి కెమెరా ఇంట్లోనే ఉంది. దానికోసం పోవడానికి కాలాడలేదు. తిత్తిపై నల్లగుడ్డ రెండు పొరలు కప్పి, దైవాన్ని తలచుకొని రెండు ఫోటోలు తీశాడు. ఆ సాయంత్రం చీకటిగదిలో, మందునీళ్ళలోని కాగితాలపై ఆకారాలు తేలాయి: కుర్చీ, దండ, ఒడిలో పెట్టిన చేతులు. రెండింటిలోనూ మెడకు పైన పొగలాంటి తెలుపు. అప్పటికే వీరప్పను మట్టి చేసి వచ్చారు.

మరునాడు ఒక కాగితం తీసుకొనిపోయి, జరిగినది దాచక చెప్పాడు. తిమ్మమ్మ ఎంతోసేపు చూచింది.

"మూయమనింది నేనే కదప్పా" అంది. మెడపైని ఆ తెలుపుపై వేలు పెట్టి, "నువ్వు ఫోటోల్లో పెన్సిలుతో మొగాలు దిద్దుతావు కదా. నేను చెప్తా, గియ్యి" అంది.

మూడు పగళ్ళు ఆమె చెప్పింది, అతడు గీశాడు. కనుబొమ ఇంకా పైకి, గడ్డం అంత కోల కాదు, మీసం ఎడమపక్క పలచన. మొదటినాడు ఆమె గద్దించి దిద్దించింది. రెండవనాడు తడబడింది. మూడవనాడు అతడు ముక్కు చెరిపి, "సన్నగానా, లావుగానా అక్కా?" అని అడిగాడు. ఆమె కళ్ళు మూసుకొని కూర్చుంది.

"ఏమైందక్కా?"

"ఇంగ చాలించప్పా" అంది కళ్ళు తెరవకుండానే. "ముక్కు యట్లుండెనో తెలీడం లేదు. కండ్లు మూసుకుంటే నువ్వు గీసినాయప్పే వస్తాండాడు."

కుళ్ళాయప్ప పెన్సిలు కింద పెట్టాడు. కాగితంపైనుంచి, ముక్కు లేని ఆ మనిషి ఇద్దరినీ చూస్తున్నాడు.