పాండిసెల్వి అరచేయి

కోవిల్‌పట్టిలో పదేళ్లపాటు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో అగ్గిపుల్లలను చట్రాల్లో పేర్చి, ఒక్క దెబ్బతో బిగించిన చెయ్యి పాండిసెల్విది. ఇప్పుడు అదే చెయ్యి విరుదునగర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో గాజు గొట్టాలు తుడుస్తుంది. రోజూ బస్సు దిగి వచ్చీ రాగానే కొంగు నడుముకు దోపుకుని, గుప్పెడు పత్తిని సన్నగా చీల్చి డబ్బాలో దాచుకుంటుంది. పరికరాల పేర్లు ఆమెకు పట్టవు. వాటి బుద్ధులే గుర్తు: ఇది మొండిది, ఇది కారేది.

ఆ రోజు తనిఖీకి వచ్చిన ఆఫీసరు, ఈ గదికి అటెండరు దండగ కదా అని తమిళంలో అంటూ కాగితం మీద రాసుకున్నాడు. ఫిజిక్స్ లెక్చరర్ హరిహరన్ సారు కంగారుపడి, ల్యాబులో ఏం జరుగుతుందో చూపించాలని, గాలిని గబుక్కున నొక్కితే అగ్గిపుల్ల లేకుండానే పత్తి అంటుకుంటుందని చెప్పి, అడుగున పత్తి పెట్టిన గాజు గొట్టంలోని పిస్టన్‌ను పసిబిడ్డను జోకొట్టినట్టు నొక్కాడు. మూడుసార్లు నొక్కినా పత్తి తెల్లగానే ఉంది.

"ఇది పుస్తకంలో చెప్పే ఐడియల్ గ్యాస్ కాదులే," అని గొణిగాడు, తానూ పాండిసెల్వీ ఇళ్లలో మాట్లాడుకునే తెలుగులో.

"అట్టాటి గ్యాసు మన స్టాకులో ఎప్పుడుండె సార్? మెల్లంగా నొక్కితే వేడి గోడలోనించి జారిపోతాది. దానికి పోయే టైము ఇయ్యగూడదు. రవంత తప్పుకోండి," అంది పాండిసెల్వి.

అరచేత్తో ఒక్క గుద్దు గుద్దింది. గొట్టం అడుగున పత్తి భగ్గుమంది.

తానూ చేసి చూస్తానన్నాడు ఆఫీసరు. పాండిసెల్వి తన డబ్బాలోంచి కొత్త పత్తి తీసి గొట్టంలో పెట్టిచ్చింది. ఆయన నొక్కుడు సారు నొక్కుడు కంటే మర్యాదగా ఉంది. గొట్టం ఆమె చేతికిచ్చేసి, ఇందాక రాసుకున్న వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు. పెన్ను మాత్రం గట్టిగానే నొక్కాడు.