కాశీబుగ్గ మిల్లు ఇటుకలతో ఉద్దానం దాకా

అరవైల చివర్లో, తుఫాను మా అప్ప (మా వైపు అక్కని అలాగే అంటాం) ఇంటి గోడలు పడగొట్టిన ఏడాది చేసిన ప్రయాణం ఇది. అప్పుడు నేను టెక్కలిలో గుమాస్తాని. అప్ప, బావ సముద్రానికి దగ్గర్లో, ఉద్దానం పల్లెలో కొబ్బరాకుల పాక కింద ఉంటున్నారు. అప్పకి నెలలు నిండుతున్నాయి. బట్టీలన్నీ తడిసిపోయి కొత్త ఇటుక దొరకడం లేదు. కాశీబుగ్గలో పాత బియ్యం మిల్లు కూలుస్తున్నారని ఆఫీసులో ఎవరో అన్నారు. ఆ మాట విన్నాక కుర్చీలో కూర్చోలేకపోయాను.

మర్నాడు మొదటి బస్సు ఎక్కాను. నందిగాం మీదుగా గంటన్నర లోపు ప్రయాణం, చార్జీ రూపాయి లోపే. బస్సు ఆగిన ప్రతిచోటా నేను లేచి నిలబడుతుంటే కండక్టరు విసుక్కున్నాడు. "కూకోండి బాబూ, మీరు నిల్సుంటే బండి తొరగా ఎల్తాదేటి?"

మిల్లు గోడ అప్పటికే సగం నేలమీద ఉంది. "మజ్జానానికి ఇదంతా గోతిలో పోసేత్తాం. కావాలంటే ఏరుకోండి" అన్నాడు మేస్త్రీ. బజారుకి పరిగెత్తి రెండు ఎడ్లబళ్ళు మాట్లాడాను. అప్పన్న అనే బండాయన, నేను, కూలీలు కలిసి పునాదికి, మూలలకి సరిపడా ఇటుకలు, దూలాలు, పెంకులు, ఒక తలుపు ఎక్కించాం. విరిగిన ముక్కలు కూడా గోనెల్లో నింపాను.

రైలు గేటు దాటి తూర్పుకి తిరిగి, జీడితోటలు దాటాక దారంతా ఇసుకే. చక్రాలు కూరుకుపోయాయి. పొద్దు వాలుతోంది. "కొన్ని ఇటికలు దింపీమంటారా బాబూ?" అన్నాడు అప్పన్న. నాకు మనసొప్పలేదు. గోనెల్లోని ముక్కలు చక్రాల కింద పరిచాం. బండి కదిలాక వాటిని ఏరి, ముందుకెళ్ళి మళ్ళీ పరిచాం. అలాగే ఊరు చేరాం.

బళ్ళు చూడగానే బావ ముఖం మాడిపోయింది. "కూల్చీసిన కొంప ఇటికలా బామ్మర్దీ? కడుపుతో ఉన్న మనిసిని వాటి మద్దిన పడుకోబెట్టమంటావేటి?"

అప్ప నడుం పట్టుకుని వచ్చి, ఒక ఇటుక తీసుకుని పాత కొడవలితో సున్నం గీకింది. "సూడు, ఒక్క బీట నేదు. బియ్యం దాసిన గోడ ఇది. పడిపోయిన మన గోడ మట్టినే తొక్కించి అరుగు ఏయిత్తన్నాను కదా? దాన్నీ పారబోసీమంటావా?"

బావ బండెక్కి దూలం ఒక కొస పట్టుకున్నాడు. తలుపుని మాత్రం పసుపునీళ్ళతో కడిగించాకే ఎత్తనిచ్చాడు.

మూలల మధ్య మట్టిగోడలు పెట్టాం, మళ్ళీ వానలు పట్టకముందే కప్పు పడింది. పెద్ద వాన కురిసిన రోజున ఆ గోడల మధ్యే మేనకోడలు పుట్టింది. బావ బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "గది ఎచ్చగుంది బామ్మర్దీ" అన్నాడు.

ఈ రోజుకీ ఎక్కడైనా కూల్చిన ఇంటి సామాను గోతిలో పోస్తుంటే నా కాళ్ళు ముందుకి సాగవు. అక్కడే అటూ ఇటూ తిరుగుతాను. దాని కింద తలదాచుకోగలిగిన వాళ్ళు ఎక్కడో ఉండే ఉంటారు.

పాత ఇటుకల కోసం వెళ్ళేవాళ్ళకి ఒక మాట. సిమెంటుతో కాక సున్నంతో కట్టిన గోడ అయితేనే బండి మాట్లాడండి. ఇటుక చెదరకుండా ఊడివస్తుంది, ఇంకో ఇల్లు నిలబెడుతుంది.