దాచని కొలతలు

ప్రయోగశాలలో ఆ భౌతికశాస్త్రవేత్తను అందరూ చాటుగా 'నిప్పుల కుంపటి' అనేవారు. కళ్లజోడు నెత్తిమీదికి తోసి బల్ల మీద వేళ్లతో దరువు వేసిందంటే ఎవరికో మూడినట్టే. ఆకాశం నుంచి రాలే కణాలను లెక్కపెట్టే పరికరం ఆమెది. అది ఇచ్చిన ప్రతి అంకెనూ, మంచిదైనా చెడ్డదైనా, ఎవరైనా తీసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టేసేది. "ఆ వంకర అంకెలు తీసేసి పెట్టమ్మా, పరువు పోతుంది," అని డైరెక్టరు అన్నప్పుడల్లా ఆమె ముక్కుపుటాలు అదిరేవి. "కొలతలకు వెల్ల వెయ్యడం నా వల్ల కాదు సార్!" అనేది.

ఒకరోజు, ఎక్కడో దూరాన చదువుకుంటున్న ఒక అమ్మాయి ఆ అంకెలన్నీ దించుకుని చూసి, పరికరం వేడెక్కినప్పుడల్లా లెక్క ఊరికే పెరుగుతోందని పట్టేసి, ఆమెకు రాసింది. శాస్త్రవేత్తకు పేరు తెచ్చిన ఫలితమే తప్పని తేలిపోయింది. "చెబితే విన్నావా? మన వేలితో మన కన్నే పొడుచుకున్నాం," అన్నాడు డైరెక్టరు అందరి ముందూ. ఆమె కుర్చీని వెనక్కి తన్ని లేచింది. "పోతే పోయింది నా పేరు! దాచి ఉంటే ఇంకెంతమంది ఈ తప్పు మీదే మేడలు కట్టేవాళ్లో తెలుసా మీకు?" అద్దాలు అదిరేలా తలుపు వేసి తన గదిలోకి వెళ్లింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటి మీదా కోపమే వచ్చింది. ఆ అమ్మాయికి రాసింది: "తప్పు నాదే. ఈ పరికరానికి ముందటి నా పాత కొలతలు కూడా పెడుతున్నాను. వాటినీ వదలకు తల్లీ."